ప్రాతచిత్రములు, క్రొత్తప్రతులు

మా అల్లవరమునందలి యొక మిత్రుని యింట గడచిన సంక్రాంతి పండుగనాడు ఇంటిల్లిపాదియు గూర్చుండి 'మాయాబజార్' చిత్రమును జూచితిమి. అది రంగులద్దిన ప్రతి. ఘటోత్కచుడు విందారగించుట చూచి పిల్లలు కేరింతలు గొట్టిరి. నౌకావిహార ఘట్టము వచ్చినప్పుడు మాత్రము ఎనుబదియేండ్లు దాటిన మిత్రుని తల్లిగారు మనుమని బిలిచి, "ఏరా అబ్బాయీ, ఆ వెన్నెల ఏదిరా?" అని యడిగిరి. పిల్లవాడు తెరమీది చంద్రుని జూపెను. ఆమె తల యాడించి యూరకుండిరి. ఆ ప్రశ్న మమ్ము వదలలేదు.

పునరుద్ధరింపబడినవని చెప్పి విక్రయించు ప్రాతచిత్రముల ప్రతులు గృహస్థులు కొనదగినవా? అంతర్జాలమున నూరకనే దొరకుచుండగా ధనము వెచ్చింపనేల యని కొందరందురు. పూర్వుల కళాసంపద గనుక నెట్టిదైనను కొనవలసినదే యని మఱికొందరందురు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు కావు.

మొదట పునరుద్ధరణమన నేమో నిర్ణయించుకొనవలెను. దేవాలయమునకు జీర్ణోద్ధారము చేయువాడు కూలిన రాతిని దాని చోటనే నిలుపును గాని గర్భగుడికి క్రొత్త వాకిలి తెరువడు. బ్రౌనుదొర తాళపత్ర ప్రతులను దెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి చూపించి, 1829లో వేమన పద్యములను ముద్రింపించెను. మూలమున లేనిదానిని వ్రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసెను. చలనచిత్రమునకును ఇదియే ధర్మము. మిగిలిన ప్రతులలో మేలైనవానిని సేకరించి, దుమ్మును గీతలను దొలగించి, కదలు బొమ్మను నిలకడచేసి, కర్త యుద్దేశించిన రూపమును మరల జూపుటయే పునరుద్ధరణము. కర్త యుద్దేశింపని యందమును దెచ్చిపెట్టుట అలంకరణము. రెంటికిని నొకే పేరు పెట్టి యమ్ముటచేతనే కొనువారు మోసపోవుచున్నారు.

'మాయాబజార్' 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలయైన విజయావారి చిత్రము. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ దీనికి రంగులద్దించి, ధ్వనిని నూతన పద్ధతికి మార్చి, చిత్రపరిమాణమును నేటి వెడల్పు తెరకు సరిపెట్టి, 2010 జనవరి 30న విడుదల చేసెను. ఈ కార్యమున మేలు లేకపోలేదు. నలుపు తెలుపు బొమ్మయన్నంతనే లేచిపోవు బాలురు దీనిని కడవరకు గూర్చుండి చూచిరి. ఎస్.వి. రంగారావు గాంభీర్యమును, సావిత్రి యభినయమును వారికి బరిచయము చేసిన పుణ్యము ఈ ప్రతిదే. దీనిని మేము కాదనము.

కాని నష్టమును లెక్కింపవలెను. ఆ కాలపు బొమ్మ యెత్తు 1 అయినచో వెడల్పు 1.37. నేటి వెడల్పు తెర కొలత 2.35. పక్కలను దఱుగక ఆ బొమ్మను ఈ తెరకు సరిపెట్టవలెనన్న, పైనను క్రిందను గలిపి ఐదింట రెండుపాళ్లు కోసివేయవలసియుండును. కిరీటములును, పాదములును, మండపముల శిఖరములును పోవునట్టి కోత యిది. ఇక వెన్నెలమాట. బార్ట్లే తన వెన్నెలను రంగులతో గల్పింపలేదు. నలుపు తెలుపుల నడుమనున్న బూడిదవన్నె మెట్లతో గల్పించెను. ఆ మెట్లపై నీలిరంగు పూసినంతనే చంద్రుడు మిగులును, వెన్నెల మాయమగును. వృద్ధురాలి ప్రశ్నకు మాకు దోచిన సమాధాన మిది.

దీనితో నింకొక యుదాహరణమును బోల్చి చూడుడు. సత్యజిత్ రాయ్ తీసిన అపు చిత్రత్రయముయొక్క మూలప్రతులు 1993లో లండనునందలి యగ్నిప్రమాదమున గాలిపోయెను. ఇటలీదేశపు బొలోన్యా నగరమందలి నిపుణులు ఆ కాలిన ఫిల్మునే చేతులతో బాగుచేసి, పనికిరాని భాగములకు ఇతరస్థలములలోని ప్రతులను దెచ్చి చేర్చిరి. 2015లో ఆ చిత్రములు మరల వెలుగు చూచెను. క్రైటీరియన్ సంస్థ గృహములకు బ్లూరే ప్రతులను విడుదల చేసెను. అందు రంగు లేదు, కోత లేదు. ఏ పని యెట్లు జరిగినదో కొనువానికి దెలుపు వివరణము మాత్రము గలదు. పాఠాంతరములను జూపిన గ్రంథమువలె నమ్మదగిన ప్రతి యిట్టిది.

మా యనుభవ మొకటి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట నొక యంగడిలో 'పునరుద్ధరింపబడినది' యను మాటను జూచి యొక ప్రాతచిత్రపు డీవీడీ కొంటిమి. ఇంటికి దెచ్చి చూడగా రెండు పాటలు లేవు. బొమ్మ మూలన వ్యాపారచిహ్నము మొదటినుండి తుదివరకు వెలుగుచుండెను. ముఖములు సాగి యుండెను. అట్ట మాత్రము నిగనిగలాడుచుండెను. డీవీడీ బొమ్మలో నిలువున 576, అడ్డముగా 720 బిందువులుండును. బ్లూరేలో 1080, 1920. అనగా సరిగా నైదురెట్లు. కాని మూలప్రతి యరిగిపోయినదైనచో నైదురెట్ల బిందువులు అరుగుదలనే యైదురెట్లు స్పష్టముగా జూపును. పాత్ర పెద్దదైనంతమాత్రమున పాలు చిక్కబడవు.

ఇట్లయినచో కొనుటయే మానుదమా? కూడదు. 1932లో విడుదలయైన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూచుటకు లేదు. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము నిప్పంటుకొన్న నార్పుట దుర్లభము. 2003 జనవరిలో పూనాలో అట్టి ఫిల్ముల నిలువ భస్మమయ్యెను. మా కోనసీమ తేమగాలికి బీరువాలోని పుస్తకములే బూజుపట్టుచుండ, ఫిల్ము సంగతి చెప్పనేల? రక్షించుటకు ధనము కావలెను. మంచి ప్రతిని గొనువాడు లేనియెడల మంచి ప్రతిని జేయువాడును ఉండడు. నలుపు తెలుపుల 'దేవదాసు'ను పునరుద్ధరించి 2024లో గోవా చలనచిత్రోత్సవమున బ్రదర్శించిరి. ఇట్టి పని ఉత్సవములతో నాగక గృహములకు జేరవలెను.

ఇందు సంఘసంస్కరణాభిమానులకు వేఱొక బాధ్యత గలదు. వైభవముగల పౌరాణిక చిత్రమునకు వర్తకులు తమంత తాము వత్తురు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము చలముగారి కథతో దీసిన 'మాలపిల్ల'కు వత్తురా? రైతుకష్టములను జెప్పిన 'రైతుబిడ్డ'కు, కట్నపు దురాచారమును జూపిన 1939నాటి 'వరవిక్రయము'నకు వత్తురా? అంటరానితనమును ఖండించి తెరపై జెప్పిన మాటలు మన పిల్లల చెవిని బడవలెనన్న, ఆ చిత్రములే ముందుగా పునరుద్ధరింపబడవలెను. పండుగ బట్టలకు వెచ్చించుదానిలో నూఱవవంతు దీనికి వెచ్చింపలేమా? ఒక్కయిల్లు కొనలేనిచో నాలుగిండ్లవారు గలిసి కొనవచ్చును. పాఠశాల గ్రంథాలయమునకు గొనిపెట్టవచ్చును.

కావున మా నిర్ణయ మిది. ఏ మూలమునుండి చేసిరో చెప్పినదియు, బొమ్మను గోయనిదియు, పాటలను పద్యములను దొలగింపనిదియు, రంగులద్దినచో నలుపు తెలుపు ప్రతిని గూడ జతపఱచినదియు నైన ప్రతిని నిస్సంశయముగా గొనుడు. తక్కినవానిని అంగడిలోనే విడిచిపెట్టుడు. ఇప్పటికే రంగుల ప్రతి యింటనున్నవారు దానిని బాఱవేయ నక్కఱలేదు. పిల్లలకు మొదట దానినే చూపుడు. పిమ్మట నొక రాత్రి నలుపు తెలుపు ప్రతిని వేసి, నౌకావిహారమువద్ద వారి యవ్వను బిలిచి ప్రక్కన గూర్చుండబెట్టుడు.