ఆడు ధాతువును మహామారియు

శ్రీ శార్వరి నామ సంవత్సరాది, అనఁగా 2020వ సంవత్సరము మార్చి 25వ తేది, దేశమంతటను గృహనిర్బంధము మొదలైన దినము. శార్వరి యను పేరునకు రాత్రితో సంబంధము కలదు. ఆ సార్థకతను ఆ యేఁడంతయు మన మనుభవించితిమి. ఆ దినములలో జనులాడిన యాటలను గూర్చియు, చెప్పుకొన్న హాస్యోక్తులను గూర్చియు ఇప్పుడు పెక్కురు పెక్కువిధములఁ దీర్పులు చెప్పుచున్నారు. ఇంటింటను ప్రాణభయముండఁగా ఆటలేల, పీనుఁగులు లేచుచుండఁగా నవ్వులేల యని కొందఱందురు. ఆట లేకున్నచో జనులకు మతి తప్పియుండును, అది యౌషధమువంటిదని మఱికొందఱందురు. ఈ రెండు పక్షములును ఆటను జీవితమునకు వెలుపలి వస్తువుగాఁ దలఁచినవే. మొదటివారి కది విలాసము, రెండవవారి కది మందు. ఆట యన నేమి యను ప్రశ్నను ఇరువురును వేసికొనలేదు. శబ్దార్థనిర్ణయము లేనిదే విషయనిర్ణయము పొసఁగదని వ్యాకరణము చదివినవారి నమ్మకము. కావున శబ్దమునుండియే మొదలిడుచున్నాను.

ముందుగా సంస్కృతమును జూతము. దివాదిగణమునకుఁ బేరిచ్చిన దివ్ ధాతువునకు ధాతుపాఠమునఁ బదియర్థములు చెప్పఁబడినవి. అందు మొదటిది క్రీడ. పిదప జయేచ్ఛ, వ్యవహారము, ప్రకాశము, స్తుతి, సంతోషము, మదము, నిద్ర, కోరిక, గమనము. ఆడువాఁడును, వర్తకము చేయువాఁడును, నిద్రించువాఁడును ఒకే ధాతువు నీడను నిలిచియున్నారు. మఱియు పాణిని రెండవ యధ్యాయము రెండవ పాదమునఁ బదునేడవ సూత్రముచే క్రీడార్థమందును జీవికార్థమందును షష్ఠీసమాసమును నిత్యముగా విధించెను. క్రీడకు 'ఉద్దాలకపుష్పభంజిక' యుదాహరణము. అది యుద్దాలకపుష్పములను ద్రుంచెడి యొక యాట పేరు. జీవికకు 'దంతలేఖకుఁడు' ఉదాహరణము. అది యొక వృత్తిచే బ్రతుకువాని పేరు. సూత్రకారుఁడు లాఘవముకొఱకే ఈ రెంటిని జతపఱచెను. తత్త్వోపదేశ మతని యుద్దేశము గాదు. అయినను ఆటపేళ్లును వృత్తిపేళ్లును లోకమున ఒకే తీరునఁ బుట్టుచున్నవని యతఁడు గమనించెను. వేఱొక పనికై చెప్పినను సాక్ష్యము సాక్ష్యమే గదా.

తెలుఁగున నీ బంధుత్వము మఱింత దగ్గఱిది. పాడు ధాతువునుండి పాట పుట్టినట్లు ఆడు ధాతువునుండి ఆట పుట్టినది. ఈ ధాతువునకు క్రీడించుట యొక్కటియే యర్థము గాదు. నర్తకి యాడును. నాటక మాడుదురు. మాటలాడుదురు, పోట్లాడుదురు, పెండ్లాడుదురు. గానుగ యాడును, రాట్న మాడును. కలిగినవాని చేతిలో రొక్క మాడును. వెఱచినవానికిఁ గాలుసేతు లాడవు. రోగికి ఊపిరి యాడదు. వీనిలోఁ బెక్కింట నంతర్గతమైన సామాన్యార్థ మొకటి కలదు: అడ్డులేక కదలుచుండుట. ఆ కదలిక యెక్కడ నిలిచిపోవునో అక్కడ 'ఆడుటలేదు' అందుము.

ఈ యర్థము నాకు నిఘంటువులవలనఁ దోఁచినది గాదు. కొంచెము సిగ్గుపడి చెప్పవలసిన యొక ప్రసంగమువలనఁ దోఁచినది. మా రాయదుర్గము కొండక్రింది యూరు. 1953 వఱకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రము పుట్టినప్పుడు అనంతపురము జిల్లాలోఁ జేరినది. ఈ జిల్లాలో సాలున కురియు సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు వేరుసెనగ విత్తినవాని కక్కఱ కలిగిన వేళఁ గురియునను నమ్మకము లేదు. కావున మా పట్టణమునఁ బెక్కు కుటుంబములు జీన్సు ప్యాంట్లు కుట్టి బ్రతుకుచున్నవి. కుట్టినదాని లెక్కను గూలి. నిర్బంధము మొదలైన మఱునాఁటినుండి వీథివీథిని వినవచ్చుచుండిన మిషనుల చప్పుడు నిలిచిపోయినది. ఆ నిశ్శబ్దము మా యూరివారి కెఱుక లేనిది.

ఏప్రిలు నెలలో నొకనాఁటి సాయంకాలము మా వీథి దర్జీ కొడుకును వాని తమ్ముఁడును, జీన్సు కత్తిరింపుల పీలికలను గట్టిగాఁ జుట్టి కుట్టిన బంతితో, తమ వాకిటనే, ఒక చెక్కపేడు బ్యాటుగా నాడుచుండిరి. నేను అరుగుమీఁదనుండి గద్దించితిని. "లోకమంతా చచ్చిపోతా ఉంటే మీకు ఆటలేమిరా?" అంటిని. పెద్దవాఁడు పండ్రెండేండ్లవాఁడు. బంతిని చేతఁబట్టుకొని వినయముగనే, "అయివారూ, మిషనూ ఆడల్యా, మా నాయన సేతిలో దుడ్డూ ఆడల్యా. మేమన్నా ఆడుకుంటే ఏమి సామీ?" అనెను. వానికి శ్లేష తెలియదు. వాఁడు భాషను భాషగాఁ బలికినాఁడు. ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పిన నాకు, ఆ మూఁడాడుటలును ఒక్కటే యని వాని నోటనే వినవలసివచ్చినది. నాకు జవాబు తోఁపలేదు. లోపలికిఁ బోయితిని.

ఇఁక పూర్వపక్షమునకు వత్తము. ఆటవలననే వ్యాధి ప్రాఁకినది గదా యని యాక్షేపింతురు. ఇది కొట్టివేయఁదగిన మాట కాదు. 2020 ఏప్రిలులో విజయవాడ కృష్ణలంకలో నొక లారీడ్రైవరు ప్రొద్దుపోక పేకాట పెట్టఁగా ఇరువదిమందికిఁ బైఁగా వ్యాధి సోఁకినదని అధికారులే ప్రకటించిరి. సూర్యాపేటలో అష్టాచెమ్మా యాటవలన వ్యాధి ప్రాఁకిన వార్తయు నానాఁడే వచ్చినది. అయినఁ గారణమును విడఁదీసి చూడవలయును. వ్యాధిని దెచ్చినది సన్నిధి, ఆట గాదు. ఆ సన్నిధియే అంగడిలో నున్నను, పెండ్లిలో నున్నను ఫల మొక్కటియే. ఆ వార్తల పిమ్మట మా వీథిలో ఆట నిలువలేదు, తీరు మార్చుకొన్నది. రచ్చబండమీఁది పులిజూదము ఇంటిగడపలోనికి వచ్చినది. చింతగింజలతో వామనగుంటలు అవ్వయు మనుమరాలును ఆడిరి. వానలేని యేఁట చేనిలోఁ బనిలేనప్పుడు ప్రొద్దు గడపిన యాటలే యవి. కఱవుసీమవారికిఁ బనిలేని దినమును గడపుట కొత్తవిద్య గాదు. నియమము మాఱినను నిలిచినది యేదో అదియే యాటకు స్వరూపము. మాఱినది ఉపాధి మాత్రమే.

హాస్యమునుగూర్చి యొకమాట. భరతుఁడు తాను నవ్వుటను ఆత్మస్థమనియు, పరులను నవ్వించుటను పరస్థమనియు విభజించి, స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు భేదములు చెప్పెను. వికృతవేషమును హాస్యవిభావములలోఁ జేర్చెను. కర్నూలు జిల్లా ప్యాపిలిలో నొక పోలీసు అధికారి తెల్లగుఱ్ఱమునకు ఎఱ్ఱని కరోనా బొమ్మలు వేయించి, దానినెక్కి వీథులు తిరిగి, బయటికి రావలదని జనులను హెచ్చరించెను. ఇది లక్షణమునకు సరిపోయిన లక్ష్యము. జనులు నవ్విరి, నవ్వుచునే లోపలికిఁ బోయిరి. లాఠీ చేయఁజాలని పని కొంత యా గుఱ్ఱము చేసినది. కాని, నవ్వునకు విషయమెవఁడు అను ప్రశ్నను లక్షణకారులకంటె మన మెక్కువగా నడుగవలసియున్నది. మాస్కు కట్టుకొని తన కొడుకునే గుర్తింపలేకపోయితినని నవ్వినవాని నవ్వు స్మితము. వ్యాధి సోఁకిన యింటికి అడ్డముగాఁ గట్టిన కఱ్ఱలను జూపి నవ్వినవాని నవ్వునకు ఆ యాఱింట దేనిలోను నేను చోటీయఁజాలను. అది రసము గాదు, భయము నవ్వువేషము వేసికొని వచ్చినది. మహామారికాలపు హాస్యమంతయు మంచిదనువారు ఈ భేదమును మఱచుచున్నారు.

ఆ యేప్రిలు చివరనే ఆస్ట్రేలియా దేశీయుఁడును, నాఁటి హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టు నాయకుఁడునగు డేవిడ్ వార్నర్ తన యింట భార్యతోఁ గూడి 'బుట్టబొమ్మ' యను తెలుఁగు చలనచిత్రగీతమునకు నాట్యమాడి ఆ దృశ్యమును లోకమునకుఁ బంపెను. మా వీథి పిల్లలు దానిని ఫోనులో మరలమరలఁ జూచిరి. మైదానము మూసినను ఆటకాఁడు ఆడుట మానలేదు. బంతితో నాడువాఁడు పాట కాడెను. క్రీడకును నృత్యమునకును తెలుఁగువాఁ డొకే మాట వాడుట తగునని ఆ విదేశీయుఁడు తెలియకయే చూపెను.

పిదప ప్రేక్షకులు లేని యాటలు వచ్చినవి. 2020 సెప్టెంబరు 19 మొదలు నవంబరు 10 వఱకు ఐ.పి.ఎల్. పోటీలు దేశమునఁ గాక అరబ్బు ఎమిరేట్సునకుఁ దరలి, ఖాళీ మైదానములలో జరిగినవి. ప్రసారమున ముందుగాఁ బట్టియుంచిన జనఘోషను వినిపించిరి. శ్రాద్ధమునకు భోక్తలు దొరకనప్పుడు దర్భకూర్చలను నిలుపునట్లు ఇదియు నొక ప్రతినిధిన్యాయము. దివ్ ధాతువునందలి వ్యవహారార్థమే యిక్కడఁ బ్రబలమని చెప్పువారితో నాకు వివాదము లేదు. కాని ప్రేక్షకుఁడు లేని యాట యాటయే కాదనువారితో వివాదము కలదు. నాట్యమున రసము సామాజికునిదని ఆలంకారికుల సిద్ధాంతము. సామాజికుఁడు లేనిచో నాటకము వ్యర్థము. ఆటలో నట్లు గాదు. ఆడువాఁడే మొదటి రసికుఁడు. చూచువాఁడు పాలు పంచుకొనువాఁడు. 2021 ఆగస్టు 1న మన పి.వి. సింధు టోక్యోలోఁ గాంస్యపతకము గెలిచినప్పుడు ప్రేక్షకాసనములు ఖాళీయే. గెలుపు తక్కువయ్యెనా? భరతుని గ్రంథారంభమున దేవతలు బ్రహ్మను నాట్యమడిగినప్పుడు, తమకొక యాటవస్తువు కావలెననియే యడిగిరి. లోకము సుఖదుఃఖములతోఁ గలఁగియున్న కాలముననే యడిగిరి. కావున దుఃఖకాలమున ఆట యనుచితమను వాదము నాట్యశాస్త్రోత్పత్తికథకే విరుద్ధము.

అయిన నీ వాదమంతయు 2021 ఏప్రిలు–మే మాసములలో నాకే చిన్నదిగాఁ దోఁచినది. ప్లవ నామ సంవత్సరమది. ప్లవమనఁగాఁ దెప్ప. తెప్ప దొరకినవాఁడు దాఁటెను. ఆక్సిజను కొఱకు జనులు ఊరూరు తిరిగిన దినములవి. మా దర్జీకి ఊపిరి యాడక మూఁడు వారము లాసుపత్రిలో నుండెను. ఆ దినములలోఁ బిల్లలు బంతి ముట్టలేదు. ఎవరును గద్దింపలేదు, వారే మానిరి. ఊపిరి యాడని చోట ఆట తానుగా నిలుచును. దానిని మందనువారి పక్షము ఇక్కడఁ జెడుచున్నది; మందైనచో అప్పుడే కదా కావలసినది. విలాసమనువారి పక్షమును జెడుచున్నది. విలాసి యైనవాఁడు తానుగా మానఁడు.

మా జిల్లాలోని యొక విశేషమును జెప్పి ముగింతును. 1969లో స్థాపింపఁబడిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి అనంతపురము మైదానమున, 2020 శరత్కాలమున ఆంధ్ర క్రికెట్ సంఘమువారి పోటీలు జరిగినవి. ఆ ట్రస్టువారిదే, నాఁటి అనంతపురము జిల్లాలోని బత్తలపల్లి యాసుపత్రి, కరోనా రోగులకుఁ జికిత్స చేసినది. ఆట యాడించిన చేయియే ఊపిరి యాడించినది. ఇందు విరోధము చూచువారు ధాతువును మఱచినవారు.

దర్జీ బ్రతికి వచ్చెను. ఒకనాఁడు వాని గడపకడ నిలిచి యెట్లున్నావంటిని. "ఊపిరి బాగ ఆడుతాంది సామీ. మిషను గూడ ఆడుతాంది" అనెను. కొడుకు ప్రక్కనే బంతి కుట్టుకొనుచుండెను. వానిని జూచి నేను, "ఏమిరా, నీ వాడవా?" అంటిని. వాఁడు నవ్వి వీథిలోనికిఁ బోయెను. నేను అరుగుమీఁదఁ గూర్చుండి చూచితిని.

ఇతి శమ్.