పిల్లల ఉత్తరానికి జవాబు రాసేదెవరు?

పుదుచ్చేరి ముదలియార్‌పేటలో తెలుగు మాట్లాడే ఇళ్ళ పిల్లలకు కార్టూన్ల కరువు లేదు. సన్ నెట్‌వర్క్ 2007లో తమిళంలో చుట్టి టీవీ, 2009లో తెలుగులో ఖుషీ టీవీ పెట్టింది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష ఉన్న పిల్లలకు రెంటిలోనూ రోజంతా బొమ్మలే. అయినా వీటిలో యాభయ్యేళ్ళు బతికే కార్యక్రమం ఏదంటే జవాబు తోచదు. బొమ్మల అందం, కథల గమ్మత్తు ఉంటే చాలు, పిల్లల కార్యక్రమం నిలుస్తుందనుకుంటాం. చరిత్ర చూస్తే అవి మాత్రమే చాలవని తెలుస్తుంది. పిల్లలు పంపింది అందుకుని, దానికి బదులిచ్చే ఏర్పాటు కూడా ఉండాలి.

బీబీసీలో 1958 అక్టోబరు 16న మొదలైన ‘బ్లూ పీటర్’ ఇందుకు పెద్ద సాక్ష్యం. ప్రపంచంలో ఎక్కువ కాలంగా నడుస్తున్న పిల్లల టీవీ కార్యక్రమం అదే. దాన్ని పావు శతాబ్దానికి పైగా నడిపించిన బిడ్డీ బాక్స్‌టర్ చిన్నప్పుడు రచయిత్రి ఎనిడ్ బ్లైటన్‌కు ఉత్తరం రాస్తే జవాబొచ్చింది. ఉత్సాహంగా మళ్ళీ రాస్తే అచ్చం అదే జవాబు మళ్ళీ వచ్చింది. ఆ చిన్నబోవడం తన ప్రేక్షకులకు ఎదురుకాకూడదని ఆమె ఉత్తరాలకు కార్డుల పెట్టె పెట్టించింది. ఏ పిల్ల ఏం రాసిందో, తాము ఏం బదులిచ్చారో కార్డు మీద ఉండేది. రెండో ఉత్తరం వస్తే మొదటిది చూసి జవాబు రాసేవారు. 1963లో పిల్లలకు బ్యాడ్జీలు ఇవ్వడం మొదలైంది. మరుసటి ఏడాది చూపులేనివారికి దారిచూపే కుక్కల కోసం పిల్లలు పాల సీసాల మూతల రేకులు ఏరి పంపారు. ఇంగ్లండు పిల్లలకు అది చూసే కార్యక్రమమే కాదు, తమకూ పని ఉన్న కార్యక్రమం.

ఈ కిటుకు తెలుగువాళ్ళకు అంతకు ముందే తెలుసు. 1938లో మొదలైన మద్రాసు రేడియో కేంద్రం నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై తెలుగు పిల్లలను పలకరించారు. రేడియోలో మాట చెప్పగానే గాలిలో కలిసిపోతుంది. మిగతా వారమంతా పిల్లలకు ఒక చోటు కావాలి. ఆ చోటు కోసమే 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో ‘బాల’ మాసపత్రిక వచ్చాయి. పధ్నాలుగేళ్ళ ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ ఆ ఏడాదే ‘బాల’లో అచ్చయింది. 1956లో ఆ దంపతులు హైదరాబాదు చేరాక సంఘం అక్కడ వేళ్ళూనుకుంది. పత్రిక ఆగినా, రేడియో వైభవం తగ్గినా బాలానందం పేరు వినగానే పెద్దవాళ్ళ ముఖాలు వికసిస్తాయంటే, అది వాళ్ళు విన్నదే కాక ఆడి పాడింది కూడా కాబట్టి.

టీవీ దగ్గరకొచ్చేసరికి ఈ తీగ తెగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఇచ్చిన ఉపగ్రహంతో దేశంలో 2,400 ఊళ్ళకు టీవీ చేరింది. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున పూట బడి పిల్లలకు ప్రత్యేకంగా పాఠాలు, ఆటలు చూపారు. గడువు తీరగానే ఉపగ్రహంతో పాటు అవీ పోయాయి. ఇప్పుడు కార్టూన్లలోని డోరాను చూడండి. వంతెన ఎక్కడుందని అడిగి, కళ్ళార్పుతూ మనవైపు చూస్తుంది; కాసేపటికి నీలం బాణం వచ్చి వంతెనను పొడుస్తుంది. పిల్ల సరిగ్గా చెప్పినా, తప్పు చెప్పినా, నిద్రపోయినా మెచ్చుకోలు ఒకటే. ఆ విరామం పిల్లల చేత ఆలోచింపజేస్తుందన్నది నిజమే, దాన్ని కాదనను. కానీ అవతల వినేవాళ్ళు లేరు.

దీనికి అభ్యంతరాలున్నాయి. రేడియో కొనగల పట్టణపు ఇళ్ళ పిల్లలదే కదా బాలానందం అంటారు. ఒప్పుకోవలసిందే, ఆనాటి పరిధి చిన్నది. అయితే పరిధి పెరిగినందుకు బదులు పలకడం మానేయాలని ఎక్కడుంది? డబ్బింగు చవక, సొంతంగా తీయాలంటే ఖర్చు అని ఇంకో మాట. బొమ్మల సినిమాకు ఖర్చవుతుంది గానీ, ఉత్తరానికి జవాబు రాయడానికి ఎంతవుతుంది? 1996లో మొదలైన ఈటీవీ ‘పాడుతా తీయగా’లో పిల్లలూ పాడుతున్నారుగా అని మూడో మాట. అందులో గాయకుడు బాలసుబ్రహ్మణ్యం ఉచ్చారణ దిద్దిన తీరు గొప్ప బడే. కానీ అది పోటీ. పెద్దల పాటలు, పెద్దల తీర్పు. గెలిచిన ఒక్కరు కాక, గొంతు లేని లక్షమంది పిల్లలకు అందులో చేసే పనేమిటి?

పుదుచ్చేరి వింత ప్రాంతం. పాలన ఇక్కడిది, ఆ పాలన కిందే ఉన్న తెలుగు యానాం ఎక్కడో గోదావరి ఒడ్డున. ముదలియార్‌పేట తెలుగు పిల్లలు, యానాం పిల్లలు ఒకరికొకరు రాసుకునే చిన్న కార్యక్రమం పుదుచ్చేరి ఆకాశవాణి తలుచుకుంటే కష్టం కాదు. ఇక్కడి తెలుగు సంఘాలైనా పూనుకోవచ్చు. కెమెరాలు, మైకులు తర్వాత కొనుక్కోండి. ముందు పిల్లల ఉత్తరాలు చదివి, ఒక్కొక్కరికీ పేరు పెట్టి జవాబు రాసే మనిషిని పెట్టండి.