హెచ్.ఐ.వి. శాసనమున శబ్దవిచారము

హెచ్.ఐ.వి. సోకినవారినిఁ జెప్పుటకుఁ దెలుఁగున "ఎయిడ్సుగ్రస్తులు", "ఎయిడ్సుబాధితులు" అను సమాసములు రూఢములై యున్నవి. ఇందు మొదటి దోషము అతివ్యాప్తి. శరీరమున వైరసుండుట వేఱు. దానిచే రోగనిరోధశక్తి క్షీణించి ఎయిడ్సు అను దశ కలుగుట వేఱు. నిత్యము మందు సేవించుటచే రక్తమున వైరసు పరీక్షకుఁ జిక్కనంతగా నణఁగియున్నవాఁడు ఆ దశకు రాకయే చిరకాలము జీవింపఁగలఁడు. సంభోగమువలన నొరులకు దానిని సంక్రమింపఁజేయఁడు. అట్టివానినిఁ గూడ నీ సమాసములు విడువవు.

రెండవ దోషము ప్రత్యయమందున్నది. గ్రసధాతువునకు మ్రింగుట యర్థము. కర్మార్థమున క్తప్రత్యయము రాఁగా, రోగము మ్రింగునదియు మనుష్యుఁడు మ్రింగఁబడినవాఁడు నగుచున్నాఁడు. రాహుగ్రస్తుఁడైన చంద్రునికైనను మోక్షకాలము కలదు. ఈ గ్రస్తునకు గ్రహణపుమైల మాత్రమే మిగిలినది. 1983లో అమెరికాదేశమున డెన్వరునఁ గూడిన ఎయిడ్సుకలవారు కొందఱు తమ్ము "బాధితులు" అనఁగూడదనియు, "ఎయిడ్సుతో నున్న మనుష్యులు" అనవలయుననియుఁ బ్రకటించిరి. వారు పాణినీయము చదివినవారు కారు. అయినను సహార్థమునఁ దృతీయ అప్రధానమునకే వచ్చునన్న మర్మము వారి మాటలో నున్నది. "తండ్రి కొడుకుతో వచ్చెను" అన్నచోఁ గ్రియ తండ్రిదే. "హెచ్.ఐ.వి.తో జీవించువాఁడు" అన్నచో జీవించుట మనుష్యునిది, వైరసు వెంట నున్నది, అంతే.

భారతదేశమున 2017లో నేర్పడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలైన హెచ్.ఐ.వి. శాసనము ఈ "తో" యొక్క బలము నెఱిఁగినది. "రక్షితవ్యక్తి" యను సంజ్ఞలో వైరసు సోకినవానినే కాక, అట్టివానితోఁ గలిసి నివసించువానిని, పూర్వము నివసించినవానినిఁ గూడఁ జేర్చినది. వెలి యనునది భార్యకును బిడ్డలకును ఈ "తో" వెంబడియే ప్రాఁకును గదా! ఉద్యోగము, చదువు, వైద్యము, అద్దెయిల్లు మున్నగువానియందు వివక్షను నిషేధించినది. (వివక్ష యన శాస్త్రమునఁ జెప్పఁగోరుట; లోకమున భేదబుద్ధి యైనది. రూఢికి లొంగవలసినదే.) రక్షితవ్యక్తులపై ద్వేషము పుట్టించు మాటలు ప్రకటించినవానికి మూఁడు నెలలు మొదలు రెండేండ్లవఱకుఁ జెఱగాని, లక్షరూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధించినది.

ఇంతటి జాగరూకత 14వ సెక్షనున సడలినది. రోగపరీక్ష, ఏ.ఆర్.టి. మందులు, అనుబంధరోగములకుఁ జికిత్స - వీనిని బ్రభుత్వములు "వీలయినంతవఱకు" సమకూర్పవలయునట. విధ్యర్థకక్రియకు నీ విశేషణము తగిలినంతనే విధి వికల్పమైనది. వీలును నిర్ణయించువాఁ డెవఁడు? సమకూర్పవలసిన ప్రభుత్వమే. యజమానునితో నీ శాసనము "వీలయినంతవఱకు భేదము చూపకుము" అని చెప్పలేదు; అచట నిషేధము నిషేధమే. ప్రభుత్వకేంద్రములలో 2004 నుండి మం దుచితముగ నిచ్చుచున్న మాట నిజము. కాని యొకనాఁడు కేంద్రమున మందు నిండుకొన్నచో, ఈ వాక్యమును జూపి నిలఁదీయఁబోయినవానికి ఆ విశేషణమే యడ్డుపడును. ఆ మందా, దినమైనను మానరానిది.

సవరణము దుష్కరము కాదు. ఆ యొక్కపదమును దీసివైచినను వాక్యమున కన్వయభంగము లేదు.