కలిసి కూర్చోవడం, కలిసి నేర్చుకోవడం: రిషివ్యాలీ జట్ల పద్ధతిపై ఒక పరిశీలన

ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. మన పల్లెల్లో ఎన్నో ప్రాథమిక పాఠశాలల పరిస్థితి ఇదే. అక్కడ పిల్లలను ఏ ప్రాతిపదికన జట్లుగా కూర్చోబెట్టాలి? ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాన్ని పరిశీలిద్దాం.

ఈ పద్ధతిలో పాఠ్యపుస్తకం స్థానంలో కార్డులు, వాటి క్రమాన్ని చూపే ‘అభ్యసన నిచ్చెన’ ఉంటాయి. నిచ్చెనపై తానున్న మెట్టును బట్టి పిల్లవాడు కార్డు తీసుకుంటాడు. ఆ కార్డును బట్టి అతని జట్టు నిర్ణయమవుతుంది. జట్లు నాలుగు రకాలు: ఉపాధ్యాయుని పూర్తి సహాయంతో నేర్చుకునేది, పాక్షిక సహాయంతో నేర్చుకునేది, తోటిపిల్లల సహాయంతో నేర్చుకునేది, స్వయంగా నేర్చుకునేది. ఇక్కడ వయసు, మార్కులు ప్రాతిపదిక కావు. పని మారితే జట్టూ మారుతుంది. 2003లో చెన్నై కార్పొరేషన్ పాఠశాలలు చేపట్టిన కృత్యాధార బోధనకు ఈ పద్ధతే ప్రేరణ.

దీని గొప్ప గుణం ఒకటుంది. వేరుశనగ పెరికే రోజుల్లో పొలానికి వెళ్లి, పదిరోజుల తరువాత బడికి వచ్చిన పిల్లవాడు ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. ‘వెనకబడ్డవాడు’ అన్న ముద్ర అతనిపై పడదు. ‘తెలివైనవారి వరుస’, ‘మొద్దుల వరుస’ అంటూ ఏడాది పొడవునా మారని జట్లలో ఈ అవకాశం లేదు.

అయితే ఒక పరిమితిని గమనించాలి. ఎవరి నిచ్చెన వారిది. పక్కవారు రాకపోయినా చాలావరకు పని సాగిపోతుంది. నాలుగింటిలో మూడో జట్టే సహకార అభ్యసనానికి నిజంగా దగ్గరైనది. అందులోనూ ముందున్న అమ్మాయి ఎప్పుడూ చెప్పేది, మిగిలినవారు ఎప్పుడూ వినేవారు అయ్యే ప్రమాదం ఉంది.

దీనికి భిన్నమైనది అమెరికాలోని ఆస్టిన్‌లో 1971లో ఎలియట్ ఆరన్‌సన్ బృందం రూపొందించిన జిగ్‌సా పద్ధతి. ఇందులో పాఠాన్ని భాగాలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇస్తారు. ఎవరి భాగాన్ని వారే మిగిలినవారికి చెప్పాలి. ఒక్కరు లేకపోయినా పాఠం అసంపూర్ణమే. పరస్పర ఆధారం ఈ పద్ధతి బలం. హాజరు నిలకడగా లేని పల్లె బడిలో అదే దాని బలహీనత.

కనుక ఏ ఒక్క పద్ధతీ అన్ని వేళలా చాలదని నా అభిప్రాయం. రోజువారీ అభ్యసనానికి నిచ్చెన జట్లు, వారానికొకసారి అందరూ ఉన్న రోజున జిగ్‌సా వంటి ఉమ్మడి పని మేలు.

ఆలోచించండి: మీ సంపర్క తరగతుల్లో మీరు కలిసి కూర్చుంటున్నారా, కలిసి నేర్చుకుంటున్నారా? ఒక ఉదాహరణతో వివరించండి.