జాకో ఆతూం

మదనపల్లెలో మా ఇండ్లనుంచి బయటికి పోయేవాడు గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి 'జాకో ఆతూం' అంటాడు. పక్కింటి తెలుగువాడు 'పోయొస్తా' అంటాడు. కుప్పం దాకా పోతే తమిళం మాట్లాడేవాళ్ళు 'పోయిట్టు వరేన్' అంటారు, కన్నడం మాట్లాడేవాళ్ళు 'హోగి బర్తీని' అంటారు. భాషలు నాలుగు, మాట ఒకటే. ఉత్త 'పోతాను' అనడం అశుభమని, పోవడానికి రావడాన్ని ముడివేసి పలకడం ఈ నేల అలవాటు. ఆ అలవాటే మా నోట ఉర్దూ మాటలు తొడుక్కుంది.

ఈ మాట తెలుగు కథలోకి వచ్చేసరికి ఏమవుతోంది? మర్యాదగల రచయిత దాన్ని 'ఖుదా హాఫిజ్' చేసి, నెత్తిన చుక్క పెట్టి, పేజీ అడుగున అర్థం ఇస్తాడు. మర్యాద లేనివాడు 'నమ్మల్కీ తుమ్మల్కీ' అని నవ్విస్తాడు. నాటకాల్లో, సినిమాల్లో సాయిబు పాత్రకు దశాబ్దాలుగా ఇచ్చిన భాష అదే. మొదటివాడు మమ్మల్ని అతిథుల్ని చేశాడు, రెండోవాడు బఫూన్లను చేశాడు. ఇద్దరూ మా గడప దగ్గర మాట వినలేదు.

మాలో పఠాన్లమని చెప్పుకునే ఇండ్లున్నాయి. కడప నవాబులు మియానా అఫ్గాన్లు. అయినా ఆ పూర్వీకుల పష్తో మా ఇండ్లలో మిగల్లేదు. పష్తోలో వీడ్కోలు 'ద ఖుదాయ్ పె అమాన్', అంటే దేవుడి రక్షణలో ఉండమని. జపాన్‌వాళ్ళు ఇల్లు కదిలేటప్పుడు 'ఇత్తె కిమాసు' అంటారు. విడదీసి చూస్తే అది అచ్చంగా 'పోయి వస్తాను'. ఇంట్లోవాళ్ళు 'ఇత్తెరస్షాయ్', అంటే పోయి రమ్మని, బదులిస్తారు. ఈ జపనీస్ మాటను పష్తో వీడ్కోలుగా మారిస్తే దేవుడు వచ్చి చేరతాడు, తిరిగొస్తానన్న మాట జారిపోతుంది. 'జాకో ఆతూం'ను 'ఖుదా హాఫిజ్' చేసినప్పుడూ జారిపోతున్నది అదే. పేరు చివర ఖాన్ చూసి మమ్మల్ని కాబూలుకు కట్టేసేవాళ్ళు గమనించాలి: మా గడప మాట పష్తోకన్నా జపనీస్‌కు దగ్గర, తెలుగుకు మరీ దగ్గర.

మదనపల్లెకు అనువాదం కొత్త కాదు. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఉండి 'జనగణమన'ను ఇంగ్లీషు చేశాడు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆ ఏడే జపాన్ వెళ్ళి కెయో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అంతంత దూరాలకు దారి వేసిన ఊళ్ళో, పక్క వీధి మాటకు ఇంకా దారి పడలేదు.

తప్పంతా బయటివాళ్ళది కాదు. 'జాకో కాదు, జాకర్ అను' అని మమ్మల్ని దిద్దింది మా పెద్దలే. 'నక్కో' అంటే మొరటుతనమన్నారు. పుంగనూరు అంగట్లో మా అమ్మలు 'నక్కో' అంటే తెలుగు వ్యాపారికి 'వద్దు' అని తెలుసు. 'ఆతూం బోల్కో బోల్యా' అన్న మా వాక్యం 'వస్తానని చెప్పినాడు' అన్న తెలుగు వాక్యం అచ్చులోనే పోసింది. తెలుగు బడిలో ఇది తురకం, ఉర్దూ బడిలో ఇది తప్పు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. సంతోషమే. కానీ ఆఫీసు కాగితం మీదికి ఎక్కేది పుస్తకాల ఉర్దూ, మా అమ్మల మాట కాదు.

1998లో 'జల్జలా' వచ్చాక తెలుగులో మేము మా గొంతుతో మాట్లాడుతున్నామని గర్వపడ్డాం. ఆ గొంతులో అమ్మ ఎంత ఉంది? ఇంట్లో ఆమె అన్న మాటను కాగితం మీద పెట్టేటప్పుడు మేమూ సిగ్గుపడి దిద్దుతూనే ఉన్నాం. ఇకనైనా 'జాకో ఆతూం' అని రాద్దాం, చుక్కా వద్దు, అడుగున అర్థమూ వద్దు. 'పోయొస్తా' తెలిసిన పాఠకుడికి అది అర్థం కాకపోదు.

'పాకిస్తాన్‌కు పో' అని మమ్మల్ని అనేవాళ్ళున్నారు. మా అమ్మ నేర్పిన భాషలో ఉత్త పోవడం లేదు. ఎక్కడికి పోయినా ఈ గడపకే తిరిగొస్తామని చెప్పి పోవడమే ఉంది.