లైను మీద మనిషి

సోమవారం పొద్దున పదింటికి కరెంటు పోయింది. వానలు మొదలవకముందే తీగల మీదికి వాలిన కొమ్మలు కొట్టాలట, మధ్యాహ్నం రెండింటి దాకా రాదని ముందురోజే ఫోనుకు కబురొచ్చింది. విజయవాడ, మే నెల చివరి వారం. ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా డాబా మీద ఫిబ్రవరిలో బిగించిన ఆరు సోలార్ పలకలు ఆ ఎండలో తళతళలాడుతున్నాయి. కింద హాల్లో ఫ్యాను ఆగిపోయింది. 83 ఏళ్ల అమ్మ చేతిలో విసనకర్ర.

"పైన అంత ఎండ కాస్తోంది కదే, ఇది తిరగదేం?" అని అడిగింది అమ్మ.

తిరగదని నాకు ముందే తెలుసు. బిగించిన రోజే మెకానిక్ కుర్రాడు విడమరిచి చెప్పాడు. "ఇది ఆన్‌గ్రిడ్ అమ్మగారూ. లైన్లో కరెంటు ఉన్నంతసేపే ఇన్వర్టర్ పనిచేస్తుంది. లైను పోతే రెండు సెకన్లలో ఇదీ ఆగిపోతుంది." అప్పుడు తలూపాను. తలూపడం వేరు, ఉడికిపోతున్న అమ్మ పక్కన కూర్చోవడం వేరు. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా నూతి గొడవ కొత్తేమీ కాదు. పెరట్లో నుయ్యి పూడ్చేసుకుని కుళాయి ముందు బిందె పట్టుకు నిలబడ్డ రోజే మనం సొంతింట్లో అద్దెకుంటున్నట్టయిందని చాలాసార్లు రాశాను. నీళ్లు, నీడ, పాదు, ఏడాదికి సరిపడా ఊరగాయ ఇంటికి సొంతంగా ఉండాలన్నది నా పట్టు. ఫిబ్రవరిలో పలకలు బిగించినప్పుడు ఆ వరసలో కరెంటు కూడా చేరిందని సంబరపడ్డాను. మొత్తం 3 కిలోవాట్ల పైచిలుకు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకూ, ఆ పైనా ఎంత పెట్టుకున్నా కేంద్రం ఇచ్చే రాయితీ 78,000 రూపాయలు, అది బ్యాంకులో పడింది. రోజుకు 12, 13 యూనిట్లు వస్తున్నాయి. మార్చిలో వచ్చినన్ని మేలో రావడం లేదు. పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసి ఉన్న వాట్లు పలక 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెల డాబా మీద పలక 60 డిగ్రీలు దాటుతుంది. పెరిగే ప్రతి డిగ్రీకీ ఒక శాతంలో మూడో వంతు చొప్పున తగ్గుతూ, మొత్తం మీద పదో వంతుకు పైగా పోతుంది.

ఆ కుర్రాడి పని గురించి అప్పుడే రాయాల్సింది, ఆలస్యమైంది. బట్ట కొనేటప్పుడు తిరగేసి లోపలి కుట్టు చూడమని నేను పోరుతుంటానే, ఆ కంటితోనే రెండు రోజులూ వాడి వెనకే తిరిగాను. వచ్చీ రాగానే నిచ్చెన వేయలేదు, సుద్దముక్క అడిగాడు. దక్షిణం వైపు పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టుంది. ఫిబ్రవరిలో దాని నీడ మా పిట్టగోడ దగ్గరే ఆగిపోతోంది. "డిసెంబరులో ఇది ఇక్కడిదాకా వస్తుంది" అంటూ మరో ఐదడుగులు లోపలికి గీత గీశాడు. డిసెంబరులో మనకు మధ్యాహ్నం సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. పలకలన్నీ దండలో పూసల్లా వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద మట్ట నీడ పడితే ఆ దెబ్బ వరస మొత్తం మీద కనబడుతుంది. వాడు నీళ్ల ట్యాంకు నీడా గీశాడు, మెట్ల గది నీడా గీశాడు. గీతలన్నీ పోగా మిగిలిన చోట దక్షిణానికి ముఖం పెట్టి, 16 డిగ్రీల వాలులో స్టాండు నిలబెట్టాడు.

కోసిన ఇనుప గొట్టాల చివర్లకు జింకు రంగు వేశాడు, అక్కడే తుప్పు మొదలవుతుందట. కనెక్టరు నొక్కిన ప్రతి వైరునూ గట్టిగా లాగి చూశాడు. పలకల నుంచి వచ్చేది డీసీ కరెంటు. ఏసీ అయితే సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చిపోతుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ విరామం లేదు, వదులు జాయింటు దగ్గర రవ్వ అంటుకుంటే మండుతూనే ఉంటుంది. పెరట్లో మూడు ఎర్తు గుంటలు తవ్వించాడు. పలకలకొకటి, ఇన్వర్టర్‌కొకటి, పిడుగుకొకటి. ఇవేవీ కిందనుంచి చూస్తే కనబడవు. అందుకే ఇంత చోటు ఇచ్చి చెబుతున్నాను. ఎన్ని వాట్లు, ఎంత రేటు అని అడిగేవాళ్లు ఎర్తు గుంటలెన్ని అని కూడా అడగండి.

సోమవారం కోపంలో ఆ కుర్రాడికే ఫోను చేశాను. బ్యాటరీ పెడితే ఎంతవుతుందన్నాను. 5 యూనిట్లు దాచుకునే లిథియం బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ కలిపి లక్షా ఎనభై వేలు చెప్పాడు. బ్యాటరీకి సర్కారు రాయితీ లేదు. పాత రకం లెడ్ యాసిడ్ అయితే చవకే గానీ, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, సగానికి మించి వాడకూడదు, నాలుగైదేళ్లకు మార్చాలి. ఏ బ్యాటరీ అయినా ఆవకాయ జాడీ లాంటిది, చల్లని చీకటి మూల చూసి పెట్టాలి. అందరూ పెట్టే మెట్ల గది దాని ఆయుష్షు తినేస్తుంది.

"లైనే తీసేయించేసుకుంటే?" అని అడిగాను. నా నూతి సిద్ధాంతం అక్కడిదాకా వెళ్లింది మరి. వాడు లెక్క చెప్పాడు. ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే మా ఇంటికి కనీసం 20 యూనిట్ల నిల్వ కావాలి. అంటే నాలుగు బ్యాటరీలు. ఏడాదిలో పది పదిహేను రోజుల కోసం కొనాలి, మిగతా రోజులన్నీ సగం నిండి కూర్చుంటాయి.

సాయంత్రం సంగతి ఇంకోటి. వీధి చివర వైరింగ్ పనులు చేసే ఒకాయన నా మొర విని, మూడు వేలకు చేసేస్తానన్నాడు. ఓ పాత ఇన్వర్టర్‌నే లైను అని నమ్మించి సోలార్‌ను తిప్పే కిటుకు. "కరెంటు పోగానే మీరు మెయిన్ ఆపేసుకుంటే చాలండి, మర్చిపోకుండా." నేను రేపు రమ్మని చెప్పి లోపలికి వచ్చాను. ఆ మాటలు అమ్మ విన్నది.

"మిల్లు వాళ్లు కూడా మర్చిపోకుండా ఉంటే చాలనే అనుకున్నారు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1990 మే 9న తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో తీరం దాటింది. 1977 ఉప్పెన చూసిన దివిసీమ మళ్లీ అదే గాలి చూసింది. నాన్న అక్కడ లైన్‌మన్. స్తంభాలు వరసలకు వరసలు పడిపోయాయి. గాలి తగ్గిన మర్నాడు వెళ్లిన నాన్న మరి ఇంటికి రాలేదు. ఎక్కడ లైను లాగుతుంటే అక్కడే తిండి, అక్కడే నిద్ర. నాకు 18 ఏళ్లు. ఇంటర్ పరీక్షలైపోయి ఖాళీగా ఉన్నాను. రోజూ సైకిలు మీద క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని.

పన్నెండో రోజు. చెరువుగట్టు మీంచి నాన్న కనబడుతున్నాడు, స్తంభం పైన, బెల్టు కట్టుకుని. సబ్‌స్టేషన్లో ఎల్‌సీ తీసుకున్నారు. ఎల్‌సీ అంటే లైను చచ్చిందని రాతపూర్వకంగా ఇచ్చే మాట. ఆ రోజుల్లో తీగల మీదికి గొలుసు విసిరి ఎర్తు చేశాకే చెయ్యి పెట్టాలి. ఆ గొలుసు ఆ పూట మరో జట్టు దగ్గరుంది. లైను రెండు వైపులా తెగిపోయి ఉంది, ఎల్‌సీ చేతిలో ఉంది, చీకటి పడేలోపు ఊరికి కరెంటివ్వాలి. నాన్న ఎక్కాడు.

ఆ తెగిన ముక్క మీద ఒక రైస్ మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మిల్లులో జనరేటర్ వేశారు. వేసే ముందు మెయిన్ దించాలి. దించాల్సిన మనిషి మర్చిపోయాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఎటునుంచి వచ్చిందన్న పట్టింపు లేదు. పైనుంచి 11 వేల వోల్టులు వస్తే కిందికి 440 ఇస్తుంది, కిందనుంచి 440 వస్తే పైకి 11 వేలు ఇస్తుంది. లైను బాగున్న రోజైతే ఊరంతటి లోడూ మీద పడి ఆ జనరేటర్ క్షణంలో ఆగిపోయేది. ఆ తెగిన ముక్క మీద మిల్లు తప్ప మరో లోడు లేదు. అందుకని అది హాయిగా తిరుగుతూనే ఉంది.

నాకు చప్పుడు వినబడింది. తర్వాత బెల్టుకు వేలాడుతున్న నాన్న కనబడ్డాడు. అంతకుమించి ఆ దృశ్యం గురించి ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఇప్పుడూ రాయను.

నాన్న బతికాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. నాలుగు నెలలు అమ్మ ముద్దలు కలిపి పెట్టింది. మిల్లు మీద కేసు పెట్టాలని బంధువులన్నారు, నాన్న ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడం నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు. చెయ్యి కాస్త స్వాధీనంలోకి రాగానే ఆయన చేసిన మొదటి పని, నన్ను వెంటబెట్టుకుని ఆ మిల్లుకే వెళ్లడం. సంచిలో చేంజోవర్ స్విచ్చి ఉంది. రాగి కత్తులు, మధ్యలో పిడి. పిడి పైకెత్తితే లైను, కిందికి దించితే జనరేటరు. రెండింటికీ ఒకేసారి తగలడం ఆ ఇనుముకు చేతకాదు. నేను స్క్రూలు బిగిస్తుంటే ఎడమచేత్తో పట్టుకుని చూపించాడు. మెయిన్ దించడం మర్చిపోయిన మనిషి అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. నాన్న వాడితో ఒకటే అన్నాడు: "నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదురా ఇంక."

మంగళవారం పొద్దున కిటుకు ఆయన వచ్చాడు. వద్దన్నాను. ఇంకెవరింట్లోనూ చేయొద్దని కూడా చెప్పాను, నాన్న చెయ్యి గురించి చెప్పాను.

సోమవారం నేను తిట్టుకున్న ఆ రెండు సెకన్లు, మా ఇన్వర్టర్ లోపల ఎవరో బిగించి పెట్టిన నాన్న చేంజోవర్. లైన్లో వోల్టేజీ లేదని, 50 సైకిళ్ల లయ తప్పిందని గ్రహించగానే అది నోరు మూసుకుంటుంది. తీగ మీద ఎవరి చెయ్యి ఉందో దానికి తెలియదు, ఉండి ఉండొచ్చని మాత్రం తెలుసు. సరైన హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే ఇంటిని లైను నుంచి పూర్తిగా విడదీశాకే బ్యాటరీ కరెంటు ఇస్తుంది. కాబట్టి బ్యాటరీ పెట్టుకోవడం తప్పేమీ కాదు. మా వీధి మందుల షాపాయన పెట్టించాడు, మంచి పని చేశాడు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, నాలుగు గంటల కోత దానికి పనికిరాదు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న మనిషి ఉంటే అప్పు చేసైనా పెట్టించండి.

మరి నేను? లక్షా ఎనభై వేలు పెట్టి లైను నుంచి విడిపోవాలనుకున్న నా లెక్కలో పొరపాటు నూతి దగ్గరే ఉంది. నుయ్యి నాదే, ఊట ఊరందరిది. వేసవిలో పక్కింటి బోరు లోతుకు దిగితే నా నూతిలో నీళ్లు తగ్గేవి, అది చూస్తూ కూడా ఇన్నేళ్లు సొంతం సొంతం అని రాశాను. మధ్యాహ్నం నేను వాడుకోని నాలుగైదు యూనిట్లు మీటరు దాటి వెళ్లి పక్కింటి ఫ్రిజ్‌ను తిప్పుతున్నాయి. రాత్రికి నాకు కావాల్సినవి ఆ తీగ మీంచే వస్తున్నాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి నీళ్లు వదిలి కరెంటు తీయగలవు, కరెంటు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి, దిగువకు నాగార్జునసాగర్ వైపు వెళ్లిన నీళ్లను మళ్లీ పైకి ఎత్తిపోయగలవు. అంత పెద్ద జాడీ ఊరందరికీ కలిపి ఉండగా, నా మెట్ల కింద నాలుగు చిన్న జాడీలు ఎందుకు? ఆ తీగను నిలబెట్టేవాళ్లు ఎండలో స్తంభమెక్కితే నాలుగు గంటలు అమ్మకు నేను విసరగలను.

బ్యాటరీ కొనడం లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి పక్కింటివాళ్లకు మూడు ఎర్తు గుంటలు సరిగ్గా తవ్విస్తానన్నాను, వాళ్లు వచ్చే నెల సోలార్ పెట్టించుకుంటున్నారు.

గురువారం మళ్లీ కోత. ఈసారి మా వీధి మలుపులోనే. మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్లాను. ముగ్గురున్నారు. ఒకడు పైన, ఇద్దరు కింద. వీధిలో ఐదిళ్లకు సోలార్ ఉంది కదా, భయం లేదా అని పెద్దాయన్ని అడిగాను.

"ఆగిపోతాయమ్మా, మాకు తెలుసు." మజ్జిగ తాగి చెంబు ఇచ్చాడు. "అయినా రాడ్లు తగిలించందే చెయ్యి పెట్టం."

తలెత్తి చూశాను. పైనున్న కుర్రాడికి అటూ ఇటూ, తీగలన్నింటికీ కొక్కేలు తగిలించి ఉన్నాయి. వాటినుంచి దిగిన వైరు నేలలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీకి బిగించి ఉంది. బిగింపు లాగి చూడాలనిపించింది. అడిగితే పెద్దాయన నవ్వి తనే లాగి చూపించాడు.

ఒంటిగంటన్నరకు లైను వచ్చింది. ఫ్యాను తిరిగింది. మెట్ల గదిలో ఇన్వర్టర్ మాత్రం ఇంకా మొదలవలేదు, దాని స్క్రీన్ మీద 300 నుంచి అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. అమ్మ మెట్ల కిందనుంచి అడిగింది, అదింకా ఎందుకు ఆగిందని.

"లైను నిలకడగా ఉందో లేదో చూసుకుంటోందమ్మా."

"చూసుకోనీ" అంది.