ఎర్ర గీతలో బంగారం

బంగారాన్ని 20 నానోమీటర్ల కణాలుగా చేసి నీటిలో ఉంచితే ద్రావణం కెంపు రంగులో కనిపిస్తుంది. కాంతి సోకగానే కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా ఊగుతాయి. 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని, ఎరుపును వదిలేస్తాయి. కణాలు గుమికూడితే రంగు ఊదా, నీలం వైపు మళ్లుతుంది.

ఈ రంగులకు సూక్ష్మ కణాలే కారణమని 1857లో మైకేల్ ఫారడే గుర్తించాడు. 1908లో గుస్టవ్ మీ దానికి గణితం సమకూర్చాడు. 1951లో జాన్ టర్కెవిచ్ బృందం సిట్రేట్‌తో ఈ కణాలను తయారుచేసే తేలికైన పద్ధతిని వివరించింది. 1996లో చాడ్ మిర్కిన్ బృందం, వెతుకుతున్న డీఎన్‌ఏ ఎదురైతే కణాలు గుమికూడి రంగు మారేలా చేసింది.

ప్రయోగశాలలో ఇది ముచ్చటైన సెన్సారే. అయితే మూత్రం, రక్తం శుద్ధజలం కావు. వాటిలోని ఉప్పు సోకినా, రక్షణ పూత లేని కణాలు గుమికూడతాయి. అప్పుడు వ్యాధి లేకున్నా రంగు మారుతుంది.

అందుకే పరిశ్రమ ఎక్కువగా సాదా మార్గం పట్టింది. గర్భనిర్ధారణ స్ట్రిప్పుల్లో చాలావాటిలో సుమారు 40 నానోమీటర్ల బంగారు కణాలకు యాంటీబాడీలు అంటించి, ఎండబెట్టి ఉంచుతారు. మూత్రం పాకినప్పుడు అందులోని హెచ్‌సీజీ హార్మోన్‌ను అవి పట్టుకుంటాయి. ముందున్న గీత దగ్గర మరో యాంటీబాడీ ఆ జంటను ఆపేస్తుంది. కణాలు అక్కడ పోగుపడి ఎర్ర గీత తేలుతుంది. ఇక్కడ రంగు మారదు, పోగవుతుంది అంతే. కొవిడ్ రాపిడ్ కిట్లలో చాలావాటిదీ ఇదే పద్ధతి.

ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి వెళ్లేసరికి అసలు పరీక్ష సున్నితత్వం ఒక్కటే కాదు. ప్రతి బ్యాచ్‌లో కణాల పరిమాణం ఒకేలా ఉండాలి. నైట్రోసెల్యులోజ్ పొరలో ద్రవం ఒకే వేగంతో పాకాలి. నెలల తరబడి పొడిగా ఉన్నా యాంటీబాడీ పట్టు సడలకూడదు. వీటిలో ఏది తప్పినా ఎంత గొప్ప సెన్సారైనా పరిశోధన పత్రం దాటి రాదు.

వినియోగదారుడు గమనించాల్సినవీ ఉన్నాయి. ఇలాంటి కిట్లను సాధారణంగా 30 డిగ్రీల లోపు నిల్వ చేయమంటారు. పల్నాడులో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, గడువు తేదీతో పాటు నిల్వ ఉంచిన చోటునూ చూడాలి. పరీక్ష సరిగా జరిగిందని చూపే కంట్రోల్ గీత రాని స్ట్రిప్ ఏ ఫలితం చూపినా చెల్లదు.